సీమవంగ కథ: ఇటలీ పొయ్యి, మన పొయ్యి



మామిడి సీమలో ఉద్యోగం చేసే మనిషి ఇటలీ దేశపు వంట గురించి చెప్పబోవడమేమిటని మీకు అనిపించవచ్చును. తేనెమంచు పురుగుకు ఏ మందు కొట్టాలో, కాపు కోసిన తరువాత కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో చెప్పవలసినవాడు వంటింట్లో దూరాడేమిటని నవ్వుకోవచ్చును కూడా. నవ్వుకోండి, తప్పులేదు. కాని మనం పండించినదానికి ఆఖరి తీర్పు చెప్పేది పొయ్యే కదా! వండేవాళ్లు ఏ కాయను మెచ్చితే ఆ కాయకు ధర. అందుచేత పొయ్యి చరిత్ర కూడా వ్యవసాయ చరిత్రలో భాగమే. డిప్లొమా చదువులో మాకు టమాటా తెగుళ్లన్నీ వరసగా చెప్పారు గాని, ఆ కాయ ఎక్కడినించి వచ్చిందో, వంటింట్లోకి ఎట్లా చేరిందో చెప్పినవారు లేరు. ఇవాళ ఆ సంగతి చూద్దాం.

మన పెద్దవాళ్లలో కొందరు టమాటాను రామములక్కాయ అనేవారు. సీమవంగ అన్న మాట కూడా తెలుగులో ఉన్నది. ఈ రెండో పేరు గమనించండి. సీమ అన్నారంటే పై దేశంనించి వచ్చినదని. వంగ అన్నారంటే వంకాయ కులానిదని. మొక్కను చూసి, ఆకు నలిపి, పువ్వును చూసి పల్లెవాళ్లు పెట్టిన పేరు అది. వృక్షశాస్త్రజ్ఞులు కూడా వంగ, టమాటా, బంగాళాదుంప ఈ మూడింటినీ ఒకే ప్రజాతిలో చేర్చారు.

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పడమటి కొండలు. దానిని సాగులో పెట్టి కూరగాయగా తీర్చినవారు మెక్సికో ప్రజలు. 1521లో స్పెయిను సైన్యాలు మెక్సికోను జయించిన తరువాత అది ఓడలెక్కి ఐరోపాకు వచ్చింది. ఇటలీలో దానిని గురించి మొదట రాసినవాడు మత్తియోలి అనే వైద్యుడు, 1544లో. ఆయన దానిని ఏమన్నాడో తెలుసునా? ఇదొక కొత్త రకం వంకాయ అన్నాడు! వంకాయలాగే నూనె, ఉప్పు, మిరియాల పొడితో వండుకు తింటారని రాశాడు. మన పల్లెవాళ్లకూ, ఆ వైద్యుడికీ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే ఆలోచన తట్టిందన్నమాట. పదేళ్ల తరువాత అచ్చయిన పుస్తకంలో దానికి బంగారు పండు అనే పేరు కనిపిస్తుంది. ఇటలీవాళ్లు ఇప్పటికీ టమాటాను పొమొదోరో అంటారు, అర్థం అదే.

ఇంకొక సంగతి. సీమవంగ అటునించి రాకముందే మన వంగ అటు వెళ్లి ఉన్నది. వంకాయ మన దేశం, దాని తూర్పు పొరుగు దేశాలవైపు పంట. అరబ్బు వర్తకులు, సేద్యగాళ్లు దానిని పడమటికి తీసుకుపోతే మధ్యయుగాలలో సిసిలీ ద్వీపానికి చేరింది. ఇటలీలో చాలాకాలం దానిని అనుమానంగానే చూశారు. పిచ్చెక్కించే పండు అని దాని పేరుకు అర్థం చెప్పుకున్నారు. గుత్తివంకాయ తినే మనకు ఇది నవ్వు తెప్పిస్తుంది గాని, కొత్త కాయంటే జంకు ఎక్కడైనా ఉన్నదే.

బంగారు పండన్న పేరు పెట్టినంత మాత్రాన టమాటా వెంటనే కంచంలోకి రాలేదు. నూరేళ్లకు పైగా ధనవంతుల తోటల్లో వింత మొక్కగానే ఎక్కువగా పెరిగింది. ఇటలీలో టమాటాతో చేసే ఊరుబిండి వంటి వంటకం మొదట అచ్చులో కనిపించేది 1692లో. నేపుల్సులో ఒక పెద్ద ఉద్యోగి ఇంట వంటశాల పెత్తనం చూసిన అంటోనియో లతీని తన పుస్తకంలో దానిని ఇచ్చాడు. అప్పుడు నేపుల్సు స్పెయిను రాజుల ఏలుబడిలో ఉన్నది, అందుకని దానికి స్పెయిను పద్ధతి అని పేరు పెట్టాడు. పద్ధతి ఇది: బాగా పండిన టమాటాలు అరడజను తీసుకొని నిప్పుల మీద కాల్చాలి. పైతొక్క మాడిన తరువాత ఒలిచి, కత్తితో సన్నగా తరగాలి. ఉల్లిపాయ, మిరపకాయ సన్నగా తరిగి కలపాలి. వాసనకు వాము ఆకు వంటి ఒక ఆకు, తరువాత ఉప్పు, నూనె, పులుపుకు ద్రాక్ష సిర్కా.

ఇది చదివినప్పుడు మీకేమి గుర్తుకు వచ్చింది? మన కాల్చిన టమాటా పచ్చడి కాదూ! కుంపటి మీద కాల్చి, తొక్క తీసి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, ఉప్పు వేసి నలిపి, వేడి అన్నంలో నూనె చుక్క వేసుకొని తినేది. సిర్కా బదులు చింతపండో మామిడికాయ ముక్కో వేస్తాం, అంతే తేడా. ఇటలీ వంటంటే మనకందని వ్యవహారమని అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

అట్లాగే వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయ ఈ మూడే వేసి పాస్తా కలుపుకోవడం నేపుల్సు పేద ఇళ్ల అలవాటు. మన తిరగమోత గరిటెలో ఉండేవీ దాదాపు ఇవే. మిరపకాయ కూడా అమెరికా సరుకే. మనకు పోర్చుగీసు ఓడల మీద వచ్చింది, గుంటూరులో స్థిరపడింది. ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియా అనే ప్రాంతం ఉన్నది, మిరపకారానికి వాళ్లది మన గుంటూరువంటి పేరు. జెనోవా నగరంలో రాతి రోట్లో ఆకు, వెల్లుల్లి, గింజపప్పు, ఉప్పు, నూనె వేసి నూరే పెస్తో అనే పచ్చడి ఉన్నది. ఆ ఆకు ఏమిటనుకున్నారు? మనం ఎండాకాలంలో నీళ్లలో నానబెట్టుకు తాగే సబ్జా గింజల మొక్క జాతిదే. తెలుగులో రుద్రజడ అంటారు. గింజ మనం వాడుకొని ఆకు వదిలేశాం, వాళ్లు ఆకు వాడుకొని గింజ వదిలేశారు.

పాస్తా మీద టమాటా పులుసు పోసి తినడం ఇంకా తరువాతి సంగతి. అంతకుముందు మాకరోనీ మీద తురిమిన జున్ను చల్లుకు తినేవారు. సేమ్యా వంటి సన్నపు పాస్తాను టమాటాతో వండే విధం నేపుల్సు వంటల పుస్తకంలో 1830లలో కనిపిస్తుంది. 1891లో పెల్లెగ్రీనో అర్తూసి ఇటలీ వంటలన్నీ ఒకచోట చేర్చి పుస్తకం వేసేనాటికి టమాటా సాసు అక్కడ ఇంటింటి వస్తువైనది. అంటే, తరతరాల ఇటలీ వంట అని లోకం చెప్పుకునేది నిజానికి రెండు వందల ఏళ్లకు లోపుది. పరాయి మొక్కను తెచ్చుకొని, తమ నేలలో పండించి, తమ సంతలో కొనుక్కొని కట్టుకున్నది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఇవాళ పెద్ద హోటళ్లలో ఇటలీ పేదల భోజనాన్ని మెచ్చుకుంటూ వందల రూపాయలకు అమ్ముతున్నారు. ఆ పేదలు దానిని వేడుకకు తినలేదు. మధ్య ఇటలీలో రైతు సగం పంట భూస్వామికి కొలిచేవాడు. ఆ పాలు పద్ధతికి కొత్త ఒప్పందాలు చేయరాదని చట్టం వచ్చింది 1964లోనే. ఉత్తర ఇటలీ కూలివాళ్లయితే పొద్దూ మాపూ మొక్కజొన్న సంకటితోనే కడుపు నింపుకున్నారు. మొక్కజొన్న కూడా మెక్సికోదే. అక్కడివాళ్లు దానిని సున్నపునీటిలో ఉడికించి వాడతారు, అందువల్ల అందులోని ఒక విటమిను వంటికి పడుతుంది. మొక్క ఓడెక్కింది గాని ఆ పద్ధతి ఎక్కలేదు. ఫలితం, 18, 19 శతాబ్దాలలో ఆ పల్లెల నిండా పెల్లాగ్రా జబ్బు. చర్మం పగిలి నల్లబడటం, విరేచనాలు, చివరకు మతి చలించడం.

ఇది ఎక్కడో జరిగిందని తీసివేయకండి. జొన్నరొట్టె, జొన్న సంకటి తప్ప వేరే ఎరగని దక్కను పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయంలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరుడు దీని మీద పరిశోధన చేసి 1960లో ప్రకటించారు. జొన్న చెడ్డదని కాదు, మొక్కజొన్న చెడ్డదనీ కాదు. ఒక్క ధాన్యంతో, ఒక్క కారంతో రోజులు గడపడం చెడ్డది. సులువైన వంట వేరు, వట్టి కంచం వేరు. వట్టి కంచంలోకి కూరగాయ, పప్పు వచ్చి చేరినప్పుడే అది సులువైన మంచి భోజనమవుతుంది.

ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు, విస్సన్నపేట వైపు తిరిగేటప్పుడు నాకు కష్టంగా తోచే సంగతి ఇదే. బీర, బెండ, వంగ పండించే ఇంట్లో ఒక్కొక్కనాడు కూర ఉండదు. కాయంతా బస్తాకెత్తి పట్నం పంపి, ఇంటిల్లిపాది ఆవకాయతో ముగిస్తారు. ఆవకాయను నేను తక్కువ చేయను, నూజివీడు ఆవకాయను తక్కువ చేసినవాడు ఈ ఊళ్లలో ఉద్యోగం చేయలేడు! కాని 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దమనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. ఊరగాయ ముక్కతో ఆ లెక్క తీరదు.

సరే, మన దగ్గర టమాటా సంగతేమిటి? 19వ శతాబ్దం చివర మన దేశపు పంటల గురించి పెద్ద నిఘంటువు కూర్చిన జార్జి వాట్, టమాటాను ఎక్కువగా తెల్లదొరల కోసమే పండిస్తున్నారని, బెంగాలీలు, బర్మావాళ్లు మాత్రం పులుసుకూరల్లో వేసుకుంటున్నారని రాశాడు. మన పులుసు చట్టికి దాని అవసరం అంతగా లేదు. పులుపుకు మనకు ఒక పంచాంగమే ఉన్నది. ఉగాది ముందునించి మామిడికాయ. ఎండలు ముదిరేటప్పటికి చింతచిగురు. వానలు పడితే గోంగూర. ఇవేవీ లేనినాడు అటక మీది చింతపండు. ఈ వరసలో చలికాలం సందు చూసుకొని టమాటా వచ్చి కూర్చున్నది. నేటి మన పప్పులో అది ఆ విధంగా ఇంటి మనిషి అయినది.

చిక్కు తరువాత వచ్చింది. చలికాలపు కాయను పన్నెండు నెలలూ కావాలన్నాం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్క తగ్గకపోతే టమాటా పూత రాలిపోతుంది, పిందె కట్టదు. కాబట్టి మన కోస్తాలో ఎండాకాలానికి కాయ మదనపల్లె వైపునించి లారీల్లో రావాలి. అక్కడ పంట దెబ్బతింటే ఇక్కడ ధర మండుతుంది. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన సంగతి మీకు జ్ఞాపకమే. మరొక ఏడు ధర పడిపోయి, కోతకూలి కూడా రాక, రైతు చేలోనే వదిలివేస్తాడు. నూరు పలికిన ఏడు లాభపడినది ఎవరో, పారబోసిన ఏడు నష్టపడినది ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇటలీవాళ్లు ఈ చిక్కును కొంతవరకు ఎట్లా విప్పుకున్నారో చూడండి. నేపుల్సు, సలెర్నో మధ్య వెసూవియసు అగ్నిపర్వతపు బూడిద నేలల్లో సాన్ మార్జానో అనే పొడుగు టమాటా పండిస్తారు. గుజ్జు ఎక్కువ, గింజ తక్కువ, నీరు తక్కువ. ఉడికించడానికే ఎంచి పెంచుకున్న రకం. ఫ్రాన్సిస్కో చిరియో అనే వర్తకుడు 1856లో తురీనులో బఠాణీలు డబ్బాల్లో నిలవ చేయడంతో మొదలుపెట్టాడు, తరువాత అదే పని టమాటాకు విస్తరించింది. ఇది ఫ్యాక్టరీ సంగతి. దానికన్న నాకు నచ్చేది ఇళ్ల సంగతి. ఆగస్టులో కాయ విరగకాసి చవకగా ఉన్నప్పుడు చుట్టాలందరూ ఒక పెరట్లో చేరతారు. టమాటాలు ఉడికించి, జల్లెడపట్టి, సీసాల్లో పోసి, బిరడా బిగించి, పెద్ద డ్రమ్ములో నీళ్లుపోసి ఆ సీసాలను మరగబెడతారు. ఏడాదికి సరిపడా. అచ్చం మన ఇళ్లలో ఎండాకాలం ఆవకాయ పెట్టుకునే హడావిడి. ముక్కలు కొట్టేవారొకరు, జీడి తీసి తుడిచేవారొకరు, ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె కలిపేవారొకరు. మనవాళ్లకు నిలవ విద్య కొత్త కాదు. మామిడికి చేసినది టమాటాకు పూర్తిగా చేయలేదు, అంతే.

ఇక సంత సంగతి. మామిడిలో మనవాళ్లు చాలామంది తోటను పూతమీదే గుత్తకు ఇస్తారు. కాయ కోసేది, నున్న మార్కెట్టుకు తోలేది గుత్తదారు. మన రసాలు తిన్నవారెవరో మనకు తెలియదు, పండించినదెవరో వారికి తెలియదు. కూరగాయల్లో ఈ అడ్డు తీయడానికి 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలుపెట్టారు. రైతు గుర్తింపు కార్డుతో వచ్చి, తన కాయ తానే అమ్ముకోవాలి. ధర టోకు ధరకన్న కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్న కొంత తక్కువగా ఉండేటట్లు రోజూ బోర్డు మీద రాస్తారు. విజయవాడ స్వరాజ్య మైదానంలో చాలా ఏళ్లు నడిచిన బజారు మీలో చాలామంది ఎరిగినదే. లోపాలు లేవని అనను. కార్డు ఒకరిది, కాయ ఇంకొకరిది అయిన చోట్లు ఉన్నవి. అయినా కొనేవారి ముఖం రైతు చూసే చోటు అది.

ఆ ముఖం చూడటంలో మనకు లాభమేమిటంటారా? లారీ కాయను పచ్చి విడుస్తున్న దశలోనే కోయాలి, లేకపోతే ప్రయాణంలో చితుకుతుంది. దారిలో రంగు తిరుగుతుంది గాని, చెట్టున పండిన రుచి రాదు. మసాలా, అల్లం, ధనియాలపొడి బాగా దట్టిస్తే ఆ లోపం కప్పబడిపోతుంది. నాలుగే నాలుగు వస్తువులతో చేసే ఇటలీ తరహా వంటలో కప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాయ బాగుంటే వంట బాగుంటుంది, లేకపోతే లేదు. అందుకని అట్లాంటి వంట నేర్చినవారు చెట్టున పండిన కాయ వెతుక్కుంటూ వస్తారు. ఆ కాయను లారీ తేలేదు. పది పదిహేను మైళ్లలోపు ఉన్న రైతు మాత్రమే తేగలడు. నేను మీకు పొయ్యి చరిత్ర చెప్పడంలో స్వార్థం ఇదే.

మీ ఇంట్లోనే మొదట చేసి చూడండి. నలుగురికి కిలో పండు టమాటాలు, తొక్క పలచని నాటు రకమైతే మరీ మంచిది. నాలుగు చెంచాల పప్పునూనె గాని వేరుశనగ నూనె గాని పోసి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు చితకగొట్టి వేయండి. వెల్లుల్లి ఎర్రబడకూడదు, వాసన రాగానే రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసి, తరిగిన టమాటా వెయ్యండి. ఉప్పు. మూత పెట్టకుండా ఇరవై నిమిషాలు ఉడికితే నీరు ఇగిరి నూనె తేలుతుంది. దించేముందు రుద్రజడ ఆకులు చేత్తో తుంచి వేయండి. పసుపు వద్దు, చింతపండు వద్దు, మసాలా అసలే వద్దు. సేమ్యాను ఉప్పునీళ్లలో కొద్ది పలుకుండగానే ఉడికించి, నీళ్లు వార్చి ఇందులో కలపవచ్చును. పట్నంలో దొరికే పాస్తా అయితే ఇంకా బాగు, అది గట్టి గోధుమ రవ్వది కాబట్టి ముద్దకట్టదు. అన్నంలోకి కూడా బాగుంటుంది, ఇటలీవాళ్లు కోపగించరు.

ఇదే సాసులో నానబెట్టి ఉడికించిన బొబ్బర్లు వేస్తే పిల్లలకు బలం. అమెరికా చిక్కుళ్లు రాకముందు ఇటలీలో తిన్నవి కూడా బొబ్బర్ల జాతివే. నూనెలో మగ్గించిన వంకాయ ముక్కలు వేసి, కొద్దిగా పులుపు, కాస్త బెల్లం తగిలిస్తే సిసిలీ వంకాయ కూర దగ్గరకు వస్తుంది. వాళ్లు సిర్కా పోస్తారు, మార్చి నెలలో మనకు పచ్చి మామిడికాయ కోరు ఉన్నది. అక్కడ భోజనం చివర పండు పెట్టడం వాడుక. మే నెలలో మన చిన్న రసం కన్న మంచి పండు వాళ్ల దగ్గర లేదని నా అభిప్రాయం.

ఇక సాగు సంగతి రెండు మాటలు. పది మీటర్ల ఎడంలో నాటిన లేత మామిడి తోటలో ఎకరానికి 40 మొక్కలే ఉంటాయి. మొదటి అయిదారేళ్లు వరసల మధ్య నేల ఖాళీ. అక్కడ చలికాలంలో టమాటా, వంగ, బొబ్బర్లు వేసుకోండి, గట్టు వెంబడి రుద్రజడ. కాపుకు వచ్చిన తోటలో మాత్రం వద్దు. పూతకు ముందు తోటను బెట్టకు వదలాలి, అప్పుడు కూరగాయలకు తడి ఇస్తే మామిడి పూతకు బదులు చిగురు వేస్తుంది. టమాటా నారు సెప్టెంబరులో పోస్తే 25, 30 రోజులకు నాటుకు వస్తుంది, డిసెంబరునాటికి కాయ అందుతుంది. అంతా ఒకేసారి నాటక, పదిహేను రోజుల తేడాతో మూడు దఫాలుగా నాటండి. బుట్ట వారం వారం నిండాలి గాని ఒక్కరోజే గుట్ట పడకూడదు.

బజారుకు పోయే కాయను చల్లటి పొద్దున, నిండా ఎర్రబడినది కోయండి. బుట్ట అడుగున ఎండుగడ్డి పరిచి రెండు వరసలకు మించి పేర్చకండి. మొదటి కోతలో ఒక కిలో ఇంటికి తీసి పెట్టి, మిగిలినది బజారుకు కట్టండి. గుర్తింపు కార్డు లేనివారు పాసుపుస్తకం, ఆధారు పట్టుకొని మీ విస్తరణాధికారి దగ్గరకు రండి. పొలం చూసి, ఏ సర్వే నంబరులో ఏ పంట ఎన్ని సెంట్లున్నదో రాసి పంపడం మా పని.